పులుపు పెట్టని నాలుగు రోజులు

పొయ్యి మీద ఏదైనా ఉంటే దించేసి రండమ్మా. మధ్యలో మాడు వాసన వచ్చిందని లేచి వెళ్తే నేను మళ్ళీ మొదటినుంచి చెప్పలేను. ఇలా దగ్గరగా, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చోండి. గట్టిగా చెప్పే సంగతి కాదిది. పక్క గదిలో మా బావ పడుకుని ఉన్నాడు. ఆయన వినకూడదని కాదు. వింటే నవ్వుతాడు, నవ్వితే దగ్గొస్తుంది, దగ్గొస్తే ఇక ఆ పూటకి అంతే.

బావ అంటే నా మొగుడే. పేరు అప్పలనాయుడు. ఆయన తల్లి సూరమ్మ నాకు అత్తా, మేనత్తా కూడా. మా నాన్నకి సొంత అక్క. మా ఇద్దరి పుట్టిల్లూ ఒకటే, శ్రీముఖలింగం దగ్గర వంశధార ఒడ్డు. అత్త ముందుగా ఈ నెల్లిమర్ల వైపు కోడలై వచ్చింది, పాతికేళ్ళ తరవాత నన్ను తెచ్చుకుంది. నేను చదివింది ఐదో తరగతి. కానీ ఒకసారి చూసింది, విన్నది మరిచిపోను. ఎవరి పెళ్ళిలో ఏ కూరలో ఉప్పెక్కువైందో ఇప్పటికీ చెప్పగలను. ఈ సంగతి మాత్రం మరిచిపోవాలని చాలా చూశాను. కుదరలేదు. మళ్ళీ గోగు కోతలు దగ్గర పడుతున్నాయి కాబట్టి చెప్పేస్తున్నాను.

అప్పటికి దసరా వెళ్ళి పది రోజులైంది. గోగు అంటే గోంగూర మొక్కే. నార కోసం దాన్ని కోసి, కట్టలు కట్టి, దసరాకి ముందే మా పొలం కింద బందలో ముంచాం. బంద అంటే చిన్న చెరువు. కట్టల మీద రాళ్ళూ మట్టిబెడ్డలూ పెట్టి ముంచితే రెండు వారాలకి నీళ్ళు నల్లబడిపోతాయి. వాసన ఊరి మొగదాకా వస్తుంది. కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు, మేము మాత్రం నార ఊరిందని సంతోషపడతాం. ఊరిన గోగు ఒక్క రోజు ఎక్కువ ఉందంటే నార పిప్పైపోతుంది, మిల్లువాళ్ళు ముట్టుకోరు. అందుకని ఊరిందంటే నడుంలోతు నీళ్ళలో దిగి, మొదళ్ళు చితక్కొట్టి, నార లాగి, జాడించి గట్టున వెయ్యాల్సిందే. ఆగడానికి ఉండదు.

ఆ సోమవారం మధ్యాహ్నం విరిగిన గోగుపుల్ల ఒకటి బావ పిక్కలో దిగింది. వేలెడు లోతు. లాగి పారేసి, ఆ నల్లనీళ్ళతోనే కడుక్కుని, పొద్దుగుంకేదాకా నార లాగాడు.

ఇంటికొచ్చాక అత్త పసుపూ సున్నం కలిపి రాసి గుడ్డ కట్టింది. కట్టి నాకేసి తిరిగింది.

"ఒసే పైడీ, ఇను. పుండు మానిందాకా ఆడి నోటికి పులుపన్నది తగల్నీకు. చింతపండు నేదు, మజ్జిగ నేదు, గోంగూర అసలే నేదు. పులుపు తిన్నాడంటే సీము పట్టీసి కాలు పోతాది."

"అలాగేనత్తా."

"అలాగేనంతావు, ఎనకమాల నిమ్మకాయ పిండీసి ఇచ్చీగలవు. ఆడు అడిగితే నువ్వు కరిగిపోతావు."

బావ నవ్వాడు. "ఓలమ్మా, గోగు కోసినోడికి గోంగూర పెట్టనంతన్నావు. ఇదేటి నాయం?"

"ఆ గోగే కదరా నీ కాల్లో దిగినాది! ఇంక నోట్లోకి కూడానా?"

ముగ్గురం నవ్వాం. ఆ ఇంట్లో మేం ముగ్గురం కలిసి నవ్వడం మళ్ళీ చాలా నెలలదాకా లేదు.

పుండుకి పులుపు కూడదన్నది మా అత్త ఒక్కదాని మాట కాదు. మా వైపు ఏ ఇంట్లో అడిగినా ఇదే చెబుతారు. నేనూ అదే నమ్మాను. నమ్మాను కాబట్టే ఇంత గట్టిగా పాటించాను.

మంగళవారం కాలికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని మళ్ళీ బందలోకి దిగాడు. నేను వద్దన్నాను.

"ఊరినది ఒగ్గీసి ఇంట్లో కూకుంటే ఏటొస్తాదే? పిప్పి వొస్తాది" అన్నాడు.

మిరియాల కారం వేసి అన్నం కలిపి పెట్టాను. రెండు ముద్దలు తిని కంచం తోసేశాడు.

బుధవారం లేవలేదు. చలిజ్వరం. ఉన్న దుప్పట్లన్నీ కప్పినా మంచం ఊగిపోయింది. పిక్క మోకాలిదాకా ఎర్రబడి నున్నగా మెరుస్తోంది. మందుల షాపులో జ్వరం మాత్ర తెచ్చి వేశాను. మధ్యాహ్నం కళ్ళు తెరిచి అడిగాడు.

"పైడీ, నోరు పిడసగట్టీసింది. నిమ్మకాయ నీళ్ళియ్యే. సిన్న గలాసుడు."

"పుండు మాననీ బావా, గంగాళం నిండా కలిపిస్తాను."

"అప్పటికి నానుండొద్దేటి?"

ఎప్పటిలాగే వేళాకోళం అనుకున్నాను. వేడినీళ్ళిచ్చాను. నిమ్మకాయలు ఎదురుగా గూట్లోనే ఉన్నాయి, నాలుగు. ఆయన నీళ్ళు తాగుతూ గూటివైపే చూశాడు. ఆ చూపుకి నేను గూటికి అడ్డంగా జరిగి నిలబడ్డాను.

గురువారం పొద్దున్న ఊపిరి మారింది. మీరు జాగ్రత్తగా వినాల్సింది ఇక్కడే.

మావాళ్ళు ధాన్యం కొలిచినా, నారకట్టలు లెక్కపెట్టినా మొదటిదాన్ని ఒకటి అనరు. లాభం అంటారు. లాభం, రెండు, మూడు అని మొదలుపెడతారు. నాకు చిన్నప్పటినుంచీ అదే అలవాటు. దేన్ని చూసినా చేతులు వాటంతటవే లెక్కలోకి దిగుతాయి. ఆ పొద్దున్న బావ గుండె మీద చెయ్యి వేసి కూర్చుని ఊరికే లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు. నేను ఒక్క ఊపిరి తీసి వదిలేలోపు ఆయన మూడు తీశాడు. మళ్ళీ చూశాను. మళ్ళీ మూడు.

"అత్తా, బావ ఊపిరి పరిగెడతంది."

"జొరం కదే. జొరానికి ఎవులికైనా పరిగెడతాది."

"పొద్దున్నుంచి ఒంటేలుకి కూడా ఎల్లనేదు."

"నీళ్ళు తాగితే కదా ఎల్తాడు."

బావ మాట కూడా తప్పింది. నన్ను చూసి, బందలో ఇంకా ఎన్ని కట్టలున్నాయే అమ్మా, అన్నాడు. నన్ను అమ్మా అన్నాడు! జ్వరం మీద అంటున్నాడులే అనుకున్నాం. ఊపిరి మూడింతలవడం, ఒంటేలు ఆగడం, మాట తప్పడం, మూడూ నా కళ్ళెదుటే ఉన్నాయి. వాటిని ఏమనాలో నాకు తెలియలేదు. ఆ రోజంతా నేను చేసిందల్లా విసనకర్ర విసరడం, పత్యం చెడకుండా కాపలా కాయడం.

శుక్రవారం తెల్లారేసరికి చేతులూ కాళ్ళూ చల్లగా అయిపోయాయి, పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. గరివిడి ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసే మా తమ్ముడు సింహాచలానికి ఫోన్ చేశాను. డ్యూటీ దిగి వస్తున్నవాడు రోడ్డు మీదే నిలబడి అరిచాడు.

"సోమారం గుచ్చుకుంటే సుక్కురారం సెప్తన్నావేటే అప్పా! బుర్ర ఉన్నాదా నీకు? ముందు నూటెనిమిదికి సెయ్యి, తరవాత నాకు సెయ్యి!"

అంబులెన్సులో నేను ముందు కూర్చోలేదు, ఆయన పక్కనే కూర్చున్నాను. విజయనగరం వచ్చేదాకా అందులో ఉన్న అబ్బాయి ముఖానికి ఆక్సిజన్ గొట్టం పట్టుకునే ఉన్నాడు. నాతో ఒక్క మాటే అన్నాడు. "మాట్లాడతా ఉండమ్మా, ఆయనకి ఇనపడతాది." ఏం మాట్లాడాలో తెలీక గోగు కట్టల సంగతే మాట్లాడాను. అన్నీ లాగేశారు బావా, గట్టున ఆరబెట్టేశారు బావా అని. అన్నీ అబద్ధాలే.

ఆసుపత్రి పేరు మీకెందుకు, ఏ ఆసుపత్రైనా బయట వరండా ఒక్కలాగే ఉంటుంది. గోడవారగా చాపలు, సంచులు, నీళ్ళ సీసాలు. లోపలికి వెళ్ళే తలుపు మీద గుండ్రటి అద్దం. ఆ తలుపు కదిలినప్పుడల్లా వరండాలో ఉన్న అందరి తలలూ ఒకేసారి లేస్తాయి. ఎవరి పేరూ పిలవలేదంటే మళ్ళీ అన్నీ దిగుతాయి. మొదటి రోజే నా మెడకి అది అలవాటైపోయింది.

లోపల చూసేది ఒక డాక్టరమ్మ. చిన్నపిల్ల. నాకు ఆడపిల్ల పుట్టి ఉంటే ఆ వయసుండేదేమో. టెక్కలి వైపు పిల్లట, మాటలో తెలిసిపోయింది. శనివారం పొద్దున్న బయటికొచ్చి మా ముందు గొంతుక్కూర్చుంది. అలా మా ఎత్తుకి దిగి మాట్లాడిన డాక్టర్ని నేనంతకు ముందు చూడలేదు.

"అమ్మా, కాలి పుండులో పుట్టిన పురుగు రక్తంలోకి ఎక్కీసినాది. సెప్సిస్ అంటాం. దాన్ని సంపడానికి ఒళ్ళు తనకి తనే మంట పెట్టుకుంది. ఆ మంట ఊపిరితిత్తుల్ని కూడా కాల్చేస్తోంది. నీరు పట్టేస్తన్నాయి."

"మరి మందు?"

"పురుక్కి మందు పడతన్నాది. అసలు మందు అదే. ఇంకోటుంది, దానికి మిమ్మల్ని అడగాలి." నా వైపు తిరిగింది. "మీ ఊళ్ళో ఒక ఇల్లు అంటుకుంటే, పక్కింటి తాటాకు కప్పు మీద ఏటేస్తారు?"

"తడి గోనెలు."

"ఎందుకు?"

"రవ్వలు పడి అంటుకోకుండా."

"ఈ మందు ఆ తడి గోనె లాంటిది. మంట ఆర్పదు. ఊపిరితిత్తుల మీద రవ్వలు పడకుండా కాస్తాదేమోనని ఇస్తాం. యాంటీఆక్సిడెంట్ అంటారు."

ఆ పేరు పలకడానికి నాకు వారం పట్టింది. నేను అడిగాను, "గోనె ఏత్తే ఇల్లు నిలబడిపోతాదా?"

"అబద్ధం సెప్పనమ్మా. ఒక్కోసారి నిలబడతాది. ఒక్కోసారి గోనెతో సహా కాలిపోతాది. పెద్ద పెద్ద డాక్టర్లే మేలు జరిగిందని కొందరు, ఏమీ జరగలేదని కొందరు, కీడే జరిగిందేమోనని కొందరు అన్నారు. కిడ్నీలు కనిపెట్టుకుంటూ నాలుగు రోజులిస్తాం. మా పెద్దసారు ఇద్దామన్నారు. మీరు ఒద్దంటే మానేస్తాం. అసలు మందు ఎలాగూ ఆగదు."

సింహాచలం వెంట వచ్చి అంతవరకూ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్న అత్త అప్పుడు కళ్ళు తెరిచింది.

"ఆ గోనెలో ఏటుందో సెప్పమ్మా."

"విటమిన్ సి, మామ్మా. ఉసిరికాయలో, నిమ్మకాయలో ఉంటాది సూడు, అదే. బాగా ఎక్కువగా, నరంలోకి."

అత్త లేచి నిలబడింది. ఆవిడ మోకాళ్ళు పట్టేసి ఏడాదైంది, గోడ పట్టుకోకుండా లేవదు. ఆ రోజు లేచింది.

"పులుపా? పుండుతో సచ్చిపోతన్నోడి నరంలోకి పులుపు పోత్తారా? నా కొడుకు నాలుగు రోజుల్నుంచి పత్తెం మీదున్నాడు. ఒద్దు. నానొప్పుకోను."

"మామ్మా, తినే పులుపుకీ దీనికీ..."

"నాకు సెప్పకు. నాకు తెలుసు. నాకు తెలిసినంత నీకు తెల్దు."

ఆ చివరి మాట నేను అప్పుడు పట్టించుకోలేదు. నా చేతిలో కాగితం ఉంది. డాక్టరమ్మ పెన్ను ఇచ్చింది. అద్దంలోంచి బావ కాలు ఒక్కటే కనిపిస్తోంది, కట్టు కట్టిన కాలు. నాకు ఆ డాక్టరమ్మ మాటల్లో గోనె కన్నా కాలిపోయిన ఇల్లే ఎక్కువ కనబడింది. అయినా నాలుగు రోజులు ఏమీ చెయ్యకుండా కూర్చున్నదాన్ని నేను, ఇంకోసారి ఏమీ చెయ్యకుండా ఉండలేకపోయాను. పైడమ్మ అని మూడక్షరాలు, గీత దాటించి సంతకం చేశాను.

అత్త నా పక్కనుంచి సంచి తీసుకుని ఎదుటి గోడ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

ఆ సీసాకి నల్ల కవరు తొడిగారు. వెలుతురు తగిలితే మందు పాడవుతుందట. సాయంత్రం ఒక్క నిమిషం చూడనిచ్చినప్పుడు ఆ నల్ల కవరు కేసే చూశాను. మంచం మీద ఆయన ఊపిరి అదే పరుగు. నర్సు గోడ గడియారం చూస్తూ లెక్కపెడుతోంది. నేనూ పెట్టాను. లాభం, రెండు... ముప్ఫై ఎనిమిది.

"ఎన్నుండాలమ్మా?" అని అడిగాను.

"నిమిషానికి పదహారు, పద్దెనిమిది. ఇరవై దాటి పరిగెడతంటే బేగి తీసుకొచ్చీయాలి. ఇంటికాడ సూసుకోలేదేటి?"

చూసుకున్నాను తల్లీ, గురువారమే చూసుకున్నాను. ఎన్నుండాలో నాకు చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

ఆదివారం మరీ దిగజారింది. గొట్టం వేసి మిషన్ మీద పెట్టారు. ఆ సంగతి సింహాచలం చెప్పగానే అత్త వరండా అవతలినుంచే అరిచింది.

"పోయించీసినావు కదే! నీ సేత్తో సంతకం పెట్టి పులుపు పోయించీసినావు! అన్న కూతురని తెచ్చుకున్నందుకు నా కొడుకుని..." ఆవిడకి నేను తమ్ముడి కూతుర్ని. కోపంలో వరస కూడా తప్పింది.

"ఓలత్తా, నలుగురూ ఇంటన్నారు, గుండి నెమ్మదించుకో" అని సింహాచలం చెయ్యి పట్టుకుంటే విదిలించేసింది.

ఆవిడ అన్నది నిజమేనేమోనని నాకూ భయంగానే ఉంది. ఎవరితో చెప్పుకోను? కాగితం మీద ఉన్నది నా పేరే.

ఆ రోజు నాకు అన్నం పెట్టినది ఎర్రమ్మ. పూసపాటిరేగ అవతల సముద్రం ఒడ్డు ఊరు, చేపలమ్ముకునే మనిషి. ఆవిడ కొడుకు మాకన్నా ముందునుంచీ లోపలున్నాడు. కడుపులో పేగు పగిలిందట. క్యారేజీ మూత తీసి నా ముందు పెట్టింది. చింతపండు పులుసులో చేప.

"నాకొద్దప్పా. మా ఆయనకి పత్తెం."

"ఓసి నీ యమ్మ కడుపు సల్లగుండ! మొగుడికి పత్తెమైతే నువ్వు మానీడమేటే? అతగాడు గొట్టంతో తాగుతన్నాడు, నువ్వూ గొట్టమెట్టించుకుంతావా? తిను."

నవ్వొచ్చింది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను. సోమవారం నుంచి నా నాలిక్కి తగిలిన మొదటి పులుపు అదే. తప్పు చేస్తున్నట్టు ఎదుటి గోడకేసి చూశాను. అత్త మొహం తిప్పుకుంది.

ఎర్రమ్మ రోజూ ఏదో ఒకటి అనేది. తలుపు దగ్గర కాపలా ఉండే ఆయనతో తగువాడేది, "మా సముద్రానికే ఇంత పెద్ద గేటు నేదురా బాబూ" అని. దీపావళి రోజు మధ్యాహ్నం తలుపు కదిలింది. అందరి తలలూ లేచాయి. పిలిచింది ఎర్రమ్మని. లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఆ తలుపు అవతలనుంచి వచ్చిన కేక ఇంకా నా చెవుల్లో ఉంది. బయట వీధిలో పిల్లలు పట్టపగలే టపాకాయలు కాలుస్తున్నారు.

కొడుకుని తీసుకెళ్ళే బండి వచ్చేలోపు ఎర్రమ్మ తన చాప చుట్టకుండా వదిలేసింది. "ఉంచుకోయే. నాకింక ఇక్కడ కూకునే పని నేదు. నువ్వు నడుం వాల్చుకో" అంది. అంత కష్టంలో ఆ మాట అనడానికి ఆగింది ఆ తల్లి. ఆవిడ ఊరి పేరు అడిగి పెట్టుకోలేదు నేను. ఇంత జ్ఞాపకం ఉన్నదాన్ని, అది మాత్రం అడగలేదు.

ఆ చాప మీద నేను ముడుచుకుని కూర్చుంటే, అత్త ఎదుటి గోడ దగ్గరనుంచి సంచి పట్టుకుని మెల్లిగా లేచి వచ్చింది. చాప చివర కూర్చుంది. సాయంత్రందాకా ఇద్దరం ఆ తలుపుకేసే చూస్తూ ఉన్నాం. మళ్ళీ అది కదిలినప్పుడు ఆవిడ చెయ్యి వచ్చి నా చీరకొంగు పట్టుకుంది.

నల్ల కవరు సీసా నాలుగు రోజులకి ఆపేశారు. నాలుగు రోజులు నేను పులుపు పెట్టలేదు, నాలుగు రోజులు వాళ్ళు పోశారు. ఆ తరవాత కూడా మిషన్ మీదే ఉన్నాడు. నాగులచవితి నాడు, అదీ ఆదివారమే, గొట్టం తీశారు. కాలివేళ్ళు రెండు నల్లబడి పోయాయి, అవి కూడా తీసేశారు. నన్ను లోపలికి పిలిస్తే మంచం మీద ఉన్న మనిషిని పోల్చుకోడానికి ఒక్క క్షణం పట్టింది. పెదాలు కదిలించాడు. గొంతు లేదు. చెవి దగ్గర పెట్టి విన్నాను.

"నార... ఏటైనాది?"

"లాగీసినారు బావా. ఆరబెట్టీసినారు."

బందలో కట్టలన్నీ అప్పటికే పిప్పైపోయి, ఊళ్ళోవాళ్ళు తీసి గట్టవతల పోసేశారు. ఇంటికొచ్చాక తెలిసిందాయనకి.

కార్తీక పున్నమికి ముందు రోజు ఇంటికి పంపారు. ఆ పొద్దున్న డాక్టరమ్మని వరండాలో ఆపాను. రెండు ప్రశ్నలు దాచుకుని ఉన్నాను.

"అమ్మా, ఆ నల్ల సీసాయేనా మా బావని నిలబెట్టింది?"

"నాకు తెలీదమ్మా" అంది. "అయ్యుండొచ్చు. కాకపోవచ్చు. పురుగు మందూ, మిషనూ, ఆయన ఒంటి బలమూ అన్నీ ఉన్నాయి. గోనె వల్లే అని సెప్పీడానికి నాకు దమ్ము చాలదు."

"మరి బుధారం నాడు నిమ్మకాయ నీళ్ళడిగితే నానియ్యలేదు. ఇచ్చుంటే?"

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "నిమ్మకాయకి అంత బలం లేదమ్మా. ఇచ్చినా ఇది ఆగేది కాదు. ఇవ్వనందుకు వచ్చిందీ కాదు. తినే పులుపు పుండుని మాన్పదు, కుళ్ళబెట్టదు." అక్కడితో ఆగిపోతే బాగుండేది. నేను ఇంకా ఆవిడ ముఖంలోకే చూస్తున్నానని చెప్పేసింది. "రెండు రోజులు ముందు తీసుకొచ్చుంటే మాత్రం, ఇంత కష్టం ఉండేది కాదు."

నేను అడిగాను, ఆవిడ చెప్పింది. తప్పు పట్టడానికేముంది?

ఇంటికొచ్చిన మూడో రోజు. అత్త పెరట్లో కూర్చుని చేటలో మెంతులు ఏరుతోంది. అప్పటికి మా ఇద్దరి మధ్యా ఉప్పు, పప్పు మాటలే నడుస్తున్నాయి. నేను పక్కన కూర్చుని డాక్టరమ్మ అన్నదంతా ఒక్క అక్షరం వదలకుండా చెప్పాను. నిమ్మకాయ సంగతి వచ్చేసరికి అత్త చేతులు ఆగిపోయాయి.

"మళ్ళీ సెప్పు."

"తినే పులుపు పుండుని మాన్పదు, కుళ్ళబెట్టదు అన్నాది."

"పులుపు తింటే మనిషి పోడా?"

"పోడంటత్తా."

చేట పక్కన పెట్టింది. తరవాత ఎవరో వింటారన్నట్టు చిన్న గొంతుతో చెప్పింది.

"మీ మావ పోనాది కూడా ఈ నీటి పుండుతోనేనే. బందలో నార లాగుతంటే మడమకి గుచ్చుకున్నాది. నాకప్పుడు పిల్లవయసు. పత్తెం ఎట్టమన్నారు, ఎట్టినాను. మూడోనాడు గోంగూర అడిగినాడు. ఎంత బతిమాలినాడో తెలుసా? ఎవులూ సూడకుండా ఒక్క ముద్ద పెట్టీసినాను. మర్నాడు పోనాడు. కంచంలో గోంగూర సూసీసినారు. మా అత్త నా మొకమ్మీదే అన్నాది, నువ్వే సంపీసినావని. నానూ అదే అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను."

మా ఇంట్లో అత్త ఎందుకు గోంగూర వండదో, నేను వండితే ఎందుకు ముట్టదో, నా పెళ్ళైన నాటినుంచీ నాకు తెలియదు. వాసన పడదనుకున్నాను.

"నువ్వు కాదత్తా" అన్నాను. "నువ్వు సంపలేదు."

ఆవిడ మెంతుల చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, రెండు మూడు గింజలు ఏరి, అప్పుడంది. "అయితే ఆడ్ని కూడా నాలుగు రోజులుంచీసినాం కదే ఇంట్లో. అదే కదా."

"అదే అత్తా."

"మీ మావకి ఆస్పత్రి నేదు, బండి నేదు. మనకి ఉన్నాది."

నేనూ చేటలో చెయ్యి పెట్టి మెంతులు ఏరాను.

ఆ మధ్యాహ్నం అత్త కర్ర పోటేసుకుని పెరటి కంచె దగ్గరికి వెళ్ళి, విత్తనానికని వదిలేసిన గోగు మొక్కలనుంచి లేత ఆకు తుంచుకొచ్చింది. నన్ను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. మెత్తగా నూరి, వేడన్నంలో కలిపి, కొడుకు మంచం పక్కన కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టింది. బావ నమలడం మానేసి తల్లికేసి చూశాడు.

"ఏటే అమ్మా, పత్తెం అయిపోనాదా?"

"తినరా. మాటాడకు. ఆయాసమొస్తాది."

ఆయన తిన్నంతసేపూ ఆవిడ రెప్ప వెయ్యలేదు. మర్నాడు పొద్దున్న ఆయన లేచి కూర్చునేదాకా మంచం దగ్గరనుంచి కదలలేదు.

ఇది జరిగి పది నెలలైంది. బావ మళ్ళీ బందలో దిగలేదు, దిగడు కూడా. వీధి చివరిదాకా నడిస్తే కరెంటు స్తంభం పట్టుకుని నిలబడతాడు. నాలుగు మాటలు మాట్లాడితే అయిదో మాటకి ఆగుతాడు. ఊపిరితిత్తుల్లో కాలిన చోటు కొంత అలాగే ఉండిపోతుందని చెప్పారు. పొలం కౌలుకిచ్చాం. ఈసారి గోగు వెయ్యలేదు.

నిరుడు మా ఇంట్లో జరిగిందని తెలిసి, మొన్న కింద వీధి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది, మొగుడి కాలు వాచిందని. నేను వెళ్ళి పసుపు రాయలేదు, ఏం తినాలో చెప్పలేదు. అతని గుండె మీద చెయ్యి వేసి గడియారం చూశాను. ఇరవై ఎనిమిది వచ్చింది. ఆటో పిలిపించి ఎక్కించేదాకా ఆ గుమ్మంలోనే నిలబడ్డాను. ఆ అమ్మాయి అత్తగారు గొణుగుతోంది, కాస్త వాపుకే ఆస్పత్రేటి అని. నా వెనకే వచ్చిన మా అత్త కర్ర నేలకేసి కొట్టింది. "నోర్ముయ్యే. ఎక్కనీ."

మధ్యాహ్నం వేళ బావ కునుకు తీస్తే నేను గుమ్మం దగ్గర కూర్చుని ఇప్పటికీ లెక్కపెడతాను. గడియారం ముల్లు ఒక్క చుట్టు తిరిగేలోపు. ఒక్కోరోజు పద్దెనిమిది, ఒక్కోరోజు ఇరవై. ఆయన నిద్రలో కాస్త ఆగితే నాదీ ఆగుతుంది. మళ్ళీ గుండె పైకి లేస్తే, అప్పుడు మొదటినుంచి ఎత్తుకుంటాను. లాభం.

ఇక లేవండమ్మా, మీ పొయ్యిలు చల్లారిపోతున్నాయి. ముఖలింగేశ్వరుడి దయవల్ల మీ ఇంట్లో కడుపులు నిండాలి, మీ గూట్లో నిమ్మకాయలు అడిగినవాళ్ళ చేతికి అందాలి. మీ వాళ్ళ ఊపిరి చప్పుడు లేకుండా వచ్చి పోతూ ఉండాలి. దాన్ని లెక్కపెట్టే పని మీ గుమ్మంలో ఏ ఆడదానికీ పడకుండా ఉండాలి.